వృద్ధాశ్రమముల యనుమతి రద్దు

వృద్ధులను హింసించు ఆశ్రమమునకు అనుమతి రద్దుచేయుట న్యాయమే. 2020 జనవరిలో సికిందరాబాదునకు సమీపముననున్న నాగారమున ఒక యాశ్రమమునుండి పోలీసువారు నిర్బంధితులను విడిపించిన వార్త మనము మఱువరానిది. కాని తలుపులకు తాళము పడిననాఁడు దిక్కులేని ముదుసళ్లు ఎక్కడికిఁ బోవలయును? వెడలఁగొట్టిన బిడ్డలయొద్దకా? రైలుస్టేషను ప్లాటుఫారములకా?

జిల్లా కొక్కటియైనను, కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకుఁ జాలు ఆశ్రమమును ప్రభుత్వము నెలకొల్పవచ్చునని 2007 నాటి చట్టము చెప్పుచున్నది. ఆ “వచ్చును” అను మాటచాటున ప్రభుత్వము దాఁగరాదు. అది “వలయును” కావలెను. తనిఖీలు తఱచుగా జరుగవలెను. దోషులు శిక్షింపఁబడవలెను. రద్దు ఉత్తరువునందే ప్రతి వృద్ధునకును వేఱొక నీడ చూపఁబడవలెను. ఆశ్రమమును మూయుట అధికారము. ఆశ్రయము చూపుట ధర్మము. ఈ ధర్మమును ప్రభుత్వముచే నెఱవేర్పించుట సికిందరాబాదు పౌరుల విధి.