అంగి కింది రివాల్వర్

మా బావ అంగి టక్ చెయ్యడు. పెళ్ళయినా, రిజిస్ట్రేషన్ ఆఫీసయినా, చావయినా అంతే. చూసేవాళ్ళు సాదాసీదా మనిషి అనుకుంటారు. అసలు సంగతి కుడిపక్క నడుము దగ్గరుంది. వాళ్ళ నాయన నుంచి వచ్చిన పాత రివాల్వర్ అది. గొట్టమే ఐదంగుళాలు దాటి ఉంటుంది. పొద్దున మొయినాబాద్‌లో, మధ్యాహ్నం చేవెళ్ళలో, సాయంత్రం పట్నంలో, రోజూ ఆయన ఎక్కడుంటే అక్కడ అదీ ఉంటుంది. దొంగసామాను కాదు, లైసెన్సు ఉంది.

ఈ మధ్యనే ఆయన కొడుక్కి 21 నిండాయి. ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి లైసెన్సు అడగడానికి ఆ వయసు రావాలి. "బామ్మర్దీ, నువ్వు రాసేటోడివి గదా, పోరని దరఖాస్తు జెర గట్టిగ రాసియ్యి. పాణానికి ముప్పున్నదంటే పోలీసోళ్ళు నమ్మాలె" అన్నాడు బావ. రాయనన్నాను. ఎందుకు రాయనో ఆ పూట సరిగ్గా చెప్పలేకపోయాను. అన్నం ముందు కూర్చుని చెప్పే మాటలు కావవి. ఇక్కడ చెప్తున్నాను.

ముందు ఆ పొడుగు గొట్టం సంగతి. కాన్పూరులోని ప్రభుత్వ రంగ ఆయుధ సంస్థ 2023లో ‘ప్రబల్’ అనే రివాల్వర్ తెచ్చింది. దాని గొట్టం 76 మిల్లీమీటర్లు, అంటే మూడంగుళాలు. 50 మీటర్ల దాకా పనిచేస్తుందని తయారుచేసినవాళ్ళే గొప్పగా చెప్పుకున్నారు. ఆ వార్త చూపించి, "నీది మార్చుకోరాదా బావా, నడుముకు బరువన్న తగ్గుతది" అన్నానొకసారి. ఆయన దగ్గర జవాబులు తయారుగా ఉన్నాయి. గొట్టం పొడుగైతే ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం పెరుగుతుంది, గురిలో తప్పు తగ్గుతుంది. ముందువైపు బరువుంటుంది కాబట్టి పేలినప్పుడు చెయ్యి అంతగా ఎగరదు. రెండూ నిజమే, కాదనను.

కానీ ఆ లాభాలు ఎక్కువగా అక్కరకొచ్చేది దూరాన ఉన్న మనిషిని కొట్టేటప్పుడు. గల్లా పట్టుకున్నవాడి మీదికి సైటు చూసి గురిపెట్టే తీరిక ఎవరికుంటుంది? పైగా పొడుగు గొట్టం ఒరలోంచి బయటికి రావడానికే ఇంకాస్త సేపు పడుతుంది. కార్లో సీటు బెల్టు పెట్టుకుని కూర్చున్నప్పుడు సరేసరి. చట్టం ఏమంటుందో కూడా చూడండి. పోలీసుల దగ్గరికి పోయే వ్యవధి ఉన్నప్పుడు ఆత్మరక్షణ హక్కు లేదని భారతీయ న్యాయ సంహిత 37వ సెక్షన్ చెప్తుంది. వెనకటి శిక్షాస్మృతిలోనూ ఇదే మాట ఉండేది. దూరాన ఉన్నవాడిని తప్పించుకుని బండి వెనక్కి తిప్పుకోవచ్చు. దగ్గరికి వచ్చేసినవాడి ముందు పొడుగు గొట్టం అడ్డం. మరి దరఖాస్తులో రాసే ‘ఆత్మరక్షణ’ ఎక్కడుంది?

ఇక దాచుకోవడం. బహిరంగ స్థలంలో చేతి తుపాకిని ఒరలోనో సంచిలోనో పెట్టి పూర్తిగా కప్పి ఉంచాలని 2016 నాటి ఆయుధాల నియమాలు చెప్తాయి. అంటే కప్పుకు తిరగడం మన దగ్గర తప్పు కాదు, నియమమే. చూసి జనం జడుసుకోకూడదని కాబోలు. మా దగ్గర జరిగేది దీనికి తలకిందులు. బావ అంగి కింద ఏముందో చేవెళ్ళలో చాయ్ పోసే పిల్లవానికి కూడా తెలుసు. కుర్చీలో కూర్చునే ముందు ఆయన కుడిచెయ్యి ఒకసారి నడుము మీదికి పోయి అంగి సర్దుతుంది. ఆ సర్దడం చాలు. మూడంగుళాలది నిజంగానే దాగిపోతుంది. ఐదంగుళాలది దాగీ దాగకుండా ఉంటుంది. ఆయనకు కావలసింది ఆ ‘దాగీ దాగకుండా’ ఉండటమే.

ఎవరికోసం? 1996లో వచ్చిన 111 జీవో గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి 84 ఊళ్ళలో కట్టడాల మీద ఆంక్షలు పెట్టింది. మొయినాబాద్ చుట్టుపక్కల ఊళ్ళు అందులోవే. ఆంక్షలుండగానే ఫామ్‌హౌసులు లేచాయి. 2022లో 69 జీవో ఆంక్షలు ఎత్తేస్తామనేసరికి ధరలకు రెక్కలొచ్చాయి. సాదాబైనామాల మీద చేతులు మారిన భూములు, పహాణీలో ఒకరు, పొలంలో ఒకరు, పాసుబుక్కులో ఇంకొకరు. ధరణి పోయి భూభారతి వచ్చినా ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్ళు తిరుగుతూనే ఉన్నారు. కాగితం తేల్చని చోట ఇంకేదో తేలుస్తుంది.

అట్లాంటి బేరమొకటి జరిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. వేపచెట్టు కింద నులకమంచం మీద ఒక ముసలాయన. అప్పటిదాకా గట్టిగానే మాట్లాడుతున్నాడు, తన ముప్పై ఏళ్ళ నాటి కాగితం చూపిస్తున్నాడు. బావ వచ్చాడు, అంగి సర్దుకున్నాడు, కూర్చున్నాడు. ఒక్క మాట బెదిరింపుగా అనలేదు. మంచినీళ్ళడిగి తాగాడు. ముసలాయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "మీరెంతంటే గంతే పటేలా" అన్నాడు. తూటా పేలలేదు, కేసు లేదు, సాక్ష్యం లేదు. నేనూ నోరు విప్పలేదు. ఈ వ్యాసం బావ మీద ఎంత ఫిర్యాదో నా మీద కూడా అంతే.

భూమి, బందూకు ఒకే మంచం మీద కూర్చోవడం తెలంగాణకు కొత్త కాదు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను బలిగొన్నది విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకులే. ఆ రోజుల్లో గడి ముందు నుంచి పోయేవాడు చెప్పులు చేతపట్టుకుని పోయేవాడని పెద్దలు చెప్పేవారు. ఇప్పుడు గడి లేదు. అయితే ముసలాయన కాగితం మడిచిన తీరులో నాకు ఆ చెప్పులు పట్టుకున్న చెయ్యే కనబడింది. ముప్పు ఎవరికుందని నిజంగా అడిగితే, ఆ ఇద్దరిలో లైసెన్సుకు అర్హుడు ఎవరు? ఆయనకూ ఒకటి ఇప్పించమని నేననడం లేదు. ముప్పు పేరు మీద ఇచ్చిన వస్తువు ముప్పుగా మారిందంటున్నాను.

"నీకేం తెలుసురా, కర్ణంగూడ మర్చిపోయినవా?" అంటాడు బావ. మర్చిపోలేదు. 2022 మార్చిలో ఇదే రంగారెడ్డి జిల్లాలో, ఇబ్రహీంపట్నం దగ్గర కర్ణంగూడలో ఇద్దరు రియల్ ఎస్టేట్ వ్యాపారులను కాల్చి చంపారు. ఆయన భయం ఉత్తదని నేననను. ఈ వ్యాపారంలో పొద్దున పోయినవాడు సాయంత్రం ఇంటికొస్తాడో లేదోనని మా అక్క గుమ్మంలో నిలబడిన రోజులు నాకు తెలుసు. కానీ మాటు వేసినవాడు మనకు వ్యవధి ఇచ్చి రాడు. మాటు వేసేవాడు ఎప్పుడూ పరాయివాడే కానక్కర్లేదు కూడా. 2011 జనవరి 3న హైదరాబాద్‌లో మద్దెలచెరువు సూరిని కార్లోనే కాల్చి చంపారు. ఆ కేసులో శిక్ష పడింది కార్లో వెంట ఉన్న ఆయన అనుచరుడికి. తుపాకి నమ్మిన బతుకుల్లో ఎదుటివాడి కంటే పక్కవాడే ప్రమాదం.

ఇంటి సంగతికొస్తే ఇంకా కష్టం. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2 కోట్ల 60 లక్షల మందిని ఏళ్ళ తరబడి గమనించి, ఆ ఫలితాలు 2020లో ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో వేశారు. సొంత చేతి తుపాకి ఉన్న మగవాళ్ళు తుపాకితో ఆత్మహత్య చేసుకోవడం లేనివాళ్ళకంటే దాదాపు 8 రెట్లు ఎక్కువ. ఆడవాళ్ళలో 35 రెట్లు. దొంగకోసం తెచ్చుకున్నది ఒక చెడ్డ రాత్రి సొంత చేతికే అందుతుంది. వ్యాపారంలో ఎత్తుపల్లాలు, అప్పులు, రాత్రి మందు, ఇవన్నీ మా బావ ఇంట్లోనూ ఉన్నాయి. "ఇంట్ల సవతిని పెట్టుకున్నట్టున్నది తమ్ముడూ. రాత్రి దాన్ని ఏడ పెట్టిండో చూసుకున్నంక గని నిద్రపట్టది" అంది అక్క. ఆమె చిలుకూరు బాలాజీకి మొక్కుకుని 108 ప్రదక్షిణలు చేసి వచ్చింది. బావ కారు దిగలేదు. నడుముకు అది పెట్టుకుని గుళ్ళోకి ఎట్లా పోతాడు? కార్లో వదిలి ఎట్లా పోతాడు? ఏ పెళ్ళిలోనూ కింద బంతిలో కూర్చోడు. మేనకోడలు పరుగెత్తుకొచ్చి నడుము చుట్టేస్తే ఎడమపక్కకు జరుపుతాడు. ఆయన దాన్ని మోస్తున్నాడంటారు. నాకు చూడబోతే ఆయన్నే అది తిప్పుతోంది.

ఇంతా చేసి, ఈ దారిలో మనుషుల్ని చంపుతున్నదేమిటి? 2024 డిసెంబరులో ఆలూరు దగ్గర రోడ్డు పక్కన కూరగాయలమ్ముకునేవాళ్ళ మీదికి లారీ దూసుకెళ్ళింది. 2025 నవంబరు 3న మీర్జాగూడ దగ్గర తాండూరు బస్సు మీదికి కంకర టిప్పర్ వచ్చిపడి 19 మంది పోయారు. బావ రోజూ పోయే రోడ్డే అది. ఆయన కారుకు ఎదురుగా వచ్చే టిప్పర్‌కు ఆ గొట్టం పొడుగెంతో తెలియదు. ఆ రోడ్డు కోసం ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టిన జనం ఉన్నారు. రివాల్వర్ లైసెన్సు రెన్యువల్‌కు తిరిగినన్ని సార్లు మా బావ ఆ పనికి ఒక్కసారైనా తిరగలేదు. నడుముకు భరోసా కట్టుకున్నవాడికి రోడ్డూ, రికార్డులూ, పోలీస్ స్టేషనూ బాగుపడాలన్న పట్టుదల ఉండదు. అవి బాగుపడాల్సింది ముసలాయన కోసం కదా.

అందుకే అల్లుడి దరఖాస్తు నేను రాయను. వాడు మంచివాడు. డ్రైవింగ్ నేర్చుకున్నప్పుడు పక్కన కూర్చున్నది నేనే. రోడ్డు మీద కుక్క కనబడితే బండి ఆపి హారన్ కూడా కొట్టకుండా చూసేవాడు. వాడి ప్రాణానికి ముప్పుందని నేను రాస్తే, ఆ ముప్పు ఫలానావాడి నుంచి అని రాయాలి. నాకు తెలిసిన ఫలానావాడు ఆ నులకమంచం మీది ముసలాయన. ఆయన మీద ఆ అబద్ధం నా చేత్తో రాయలేను.

బావ ఇరవై రోజులుగా మాట్లాడటం లేదు. నిన్న అల్లుడే ఫోన్ చేశాడు. "మామా, నాయన ఇంకెవరితోనో రాయించిండు. సంతకం పెట్టమంటున్నడు. నువ్వొస్తవా?" అన్నాడు. పొద్దున బస్సుకు పోతున్నాను.