కిటికీ వెనుక మనిషి
రైలుస్టేషను లేని ఏన్కూరువారు రైలెక్కవలెనన్నచో కారేపల్లికో, ఖమ్మమునకో, కొత్తగూడెములో నుండియు భద్రాచలం రోడ్డను పేరు దాల్చిన స్టేషనుకో బస్సులోనో ఆటోలోనో చేరవలసినదే. అట్లు చేరిన కోయ వృద్ధునకు గాని, తండానుండి చంటిబిడ్డతో వచ్చిన లంబాడీ తల్లికి గాని మొదట కావలసినది ఏ బండి యెక్కవలెనో, ఎచ్చట మాఱవలెనో చెప్పు మనిషి, ఆ పిదపనే టిక్కెట్టు. చేతిఫోనులోనే టిక్కెట్టు దొరకుచుండగా కౌంటరు దండుగ యను లెక్క నగరమున చెల్లునేమో గాని, అడవి యంచున సిగ్నలందక, నలిగిన పదిరూపాయల నోట్లు పిడికిట బట్టి నిలిచినవానియెడల అది అన్యాయమే యగును. ఇంగ్లండులో 2023 జులైలో రైలు కంపెనీలు టిక్కెట్ కార్యాలయములలో అధికభాగమును మూయ సంకల్పింపగా, సుమారు 7.5 లక్షల అభిప్రాయములు వెల్లువెత్తి, అక్టోబరు 31న ప్రభుత్వమే ఆ యత్నమును విరమింపజేసినది. అచ్చటివారికి చదువు రాకనా, ఫోనులు లేకనా? వృద్ధులకును వికలాంగులకును యంత్రము చేయూత నీయజాలదనియే కదా! ఆదాయము చాలదందురా, హాల్టు స్టేషన్లలో కమీషనుపై టిక్కెట్లమ్ము ఏజెంట్ల పద్ధతి మన రైల్వేలో చిరకాలముగ నున్నదే. కౌంటరు మూసి, టిక్కెట్లు అమ్ముడుపోలేదని స్టేషనునే రద్దుచేయుట, కాలువకు అడ్డుకట్ట వేసి పైరెండినదని రైతును నిందించుట వంటిది. కావున ఏ కిటికీ మూయదలచినను రైల్వేవారు ముందుగా ఆ స్టేషనుపై నాధారపడు పల్లెలలో గ్రామసభ జరుపవలెను. బండి వచ్చు వేళలకైనను ఒక మనిషిని నిలుపవలెను.