తొండ నెత్తుటిలో తేలని లెక్క

తొండ కనపడితే రాయి అందుకునే చేతులే ఎక్కువ. దాని నెత్తురు చుక్క తీసి గాజు పలక మీద పూసి చూసే ఓపిక ఏ కొద్దిమందికో! 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడని బడిపిల్లలకూ తెలుసు. దాని దాయాదులు తొండల్లో, బల్లుల్లో కాపురం ఉంటాయని పెద్దలకే తెలియదు. 1904లోనే సింహళంలో ఒక చెట్టుబల్లి నెత్తుట్లో కొత్త జీవిని పట్టి పేరు పెట్టారు. ఆ రకం బల్లి మన దక్షిణాది చెట్ల బెరడు మీదా తిరుగుతూనే ఉంది.

కొత్త జాతి అని తేల్చడం మాటలు కాదు. జీమ్సా రంగు అద్ది, వెయ్యి రెట్లు పెద్దది చేసి చూసి, రక్తకణంలో అది ఏ ఆకారంలో ఉంది, ఎన్ని పిల్లలుగా చీలింది అని లెక్కపెట్టాలి. అదీ చాలదు. కరేబియన్ దీవుల అనోలిస్ బల్లుల్లో ఎర్ర కణాల్లోనూ, తెల్ల కణాల్లోనూ కనపడే ప్లాస్మోడియం అజురోఫిలం ఒకే జాతి అనుకున్నారు. 2000లో సుసాన్ పెర్కిన్స్ జన్యువులు పరీక్షిస్తే అవి రెండని తేలింది. కంటితో చూసిన సాక్ష్యం అలా ఉంటుంది మరి.

పేర్ల గొడవ మనకెందుకు అంటారా? సెయింట్ మార్టిన్ దీవిలో రెండు రకాల అనోలిస్‌లున్నాయి. బలమైనది దీవంతా పరుచుకుంది. రెండోది మాత్రం నడిమి కొండల్లో, అదీ బలమైనదానికి ఈ మలేరియా సోకే చోట్లే బతుకుతోందని 1992లో జోస్ షాల్ రాశాడు. ఎవరు ఎక్కడ ఉండాలో కంటికి కనపడని పురుగు తేలుస్తోందన్నమాట! ఇవి మనుషులకు సోకినట్టు దాఖలాలు లేవు గనక, ఈ కబురు విని మళ్లీ తొండల మీద పడనక్కర్లేదు.

కోరాపుట్ జిల్లా జయపురం పేరు మోసే నేలబల్లిని 1870ల్లో బెడ్డోమ్ పట్టాడు. ఆ తర్వాత నూట ముప్పై ఏళ్లకు పైగా ఎవరి కంటా పడలేదు. 2010 తర్వాతే తూర్పు కనుమల్లో మళ్లీ దొరికింది. బల్లి సంగతే ఇలా ఉంటే, దాని ఒంట్లోని పరాన్నజీవిని అడిగేదెవరు?

సరిహద్దు కొండల్లో సర్వేకు వెళ్లేవాళ్లు బల్లిని ఫొటో తీసి, కొలిచి వదిలేస్తే సరిపోదు. తోక దగ్గర ఒక్క చుక్క తీస్తే జంతువు చావదు, గాజు పలకకు అయ్యేది కొద్ది రూపాయలే. 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి తప్పనిసరి, ఉడుము విషయంలో మరీ గట్టిగా. కాలేజీలు దరఖాస్తు పెడితే ఒడిశా, ఆంధ్ర అటవీశాఖలు నెలల తరబడి తొక్కిపెట్టకుండా తేల్చాలి. పలకలను, జన్యు నమూనాలను జువాలజీ విభాగాల్లో అడిగినవారికి చూపించేలా భద్రపరచాలి.