మాటల బోనులో మేము

తెలుగులో మా గురించి రాసేవాళ్లు రెండు రకాలు. మమ్మల్ని ద్వేషించి రాసేవాళ్లు, మమ్మల్ని ప్రేమించి రాసేవాళ్లు. మొదటివాళ్లతో మాకు పెద్ద పేచీ లేదు. ఏ మాట ఎందుకు వాడుతున్నారో వాళ్లకీ తెలుసు, మాకూ తెలుసు. మా పేచీ అంతా రెండోవాళ్లతోనే. ఏ దురుద్దేశమూ లేకుండా చేతికందిన మాట రాసుకుంటూ పోయే కథకులతో, విలేకరులతో, పాఠ్యపుస్తకాలు రాసే పంతుళ్లతో. 'మాటలో ఏముందండీ, మనసు ముఖ్యం గానీ' అంటారు వీళ్లు. మనసు రాసినవాడి దగ్గరే ఉండిపోతుంది. చదివేవాడికి చేరేది మాటే.

మేం ఇంట్లో ఉర్దూ మాట్లాడి, బయట తెలుగు రాసి పొట్టపోసుకునేవాళ్లం. ఒకే వార్త రెండు భాషల్లో రెండు వార్తలుగా మారిపోవడం రోజూ చూసేవాళ్లం. అందుకే మా తగువు వ్యాకరణం దగ్గర మొదలవుతుంది.

తెలుగులో కూలడం వేరు, కూల్చడం వేరు. కాలడం వేరు, కాల్చడం వేరు. చావడం వేరు, చంపడం వేరు. కూలింది, కాలింది, చచ్చింది అని రాస్తే ఆ పని చేసినవాడి పేరు చెప్పే అవసరం ఉండదు. అల్లర్ల వార్త ఏదైనా తీసి చూడండి. 'ఉద్రిక్తత నెలకొంది.' 'దుకాణాలు దగ్ధమయ్యాయి.' 'ముగ్గురు మృతి చెందారు.' దుకాణాలు వాటంతటవే అంటుకున్నాయా? ఆ ముగ్గురూ జ్వరమొచ్చి పోయారా? 'అల్లర్లు చెలరేగాయి' అంటే ఏదో గాలివాన వచ్చి వెళ్లినట్టు. వానకి ముద్దాయి ఎవరుంటారు?

అదే ఒక ముస్లిం కుర్రాణ్ణి పోలీసులు పట్టుకుపోతే ఈ వ్యాకరణం తలకిందులవుతుంది. అప్పటిదాకా కనిపించని కర్త వాక్యం మొదట్లోకి వచ్చి నిలబడతాడు. పేరు, తండ్రి పేరు, బస్తీ, చదివిన మదరసా, పెంచిన గడ్డం అన్నీ వస్తాయి. 'అనుమానితుడు' అనే మాట మొదటి రోజు ఉంటుంది, రెండో రోజుకి జారిపోతుంది. 2007 మే 18న మక్కా మసీదులో, శుక్రవారం నమాజుకొచ్చినవాళ్ల మధ్య బాంబు పేలింది. చంపబడ్డవాళ్లు మావాళ్లు. ఆ తర్వాత పదుల సంఖ్యలో పట్టుకెళ్లిందీ పాతబస్తీలోని మా కుర్రాళ్లనే. ఆ కేసులు కోర్టుల్లో నిలవలేదు. 2011-12లో ప్రభుత్వమే వాళ్లలో కొందరికి నష్టపరిహారం ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఉత్తర్వును 2013లో హైకోర్టు కొట్టేసింది. ఇక అదే పేలుడు కేసులో విచారణ ఎదుర్కొన్న హిందూత్వవాదులు ఐదుగురూ నిర్దోషులని 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక కోర్టు తీర్పు చెప్పింది. చట్టం ముందు వాళ్లూ నిర్దోషులే, మా కుర్రాళ్లూ నిర్దోషులే. మరి తీర్పు రాకముందు 'ఉగ్రవాది' అన్న మాట ఎవరి పేరుకి ఎన్నాళ్లు అతుక్కుని ఉంది? వాళ్ల మతం పేరు ఆ మాటకి ముందు చేర్చడానికి సంకోచించిన కలాలు, మా మతం పేరు చేర్చడానికి ఎందుకు సంకోచించలేదు? కోర్టు కొట్టేసిన కేసుకి కాగితం ఉంటుంది. పత్రిక అంటించిన మాటని కొట్టేసే కోర్టు ఏదీ లేదు.

బాబ్రీ మసీదు సంగతే తీసుకోండి. 1992 డిసెంబర్ 6కి ముందే అది తెలుగు పత్రికల్లో మసీదుగా ఉండడం మానేసి 'వివాదాస్పద కట్టడం' అయిపోయింది. నాలుగు శతాబ్దాలకు పైగా నిలిచిన మసీదుని మాటల్లో ముందు కూల్చారు, గునపాలతో తర్వాత కూల్చారు. కట్టడాన్ని పగలగొడితే ఎవరికి నొప్పి? ఆ మాట రాసిన ఉపసంపాదకుడు తటస్థంగా ఉన్నాననుకున్నాడు. కానీ మసీదుని మసీదు అనకపోవడంలో తటస్థత ఎక్కడుంది? 1949లో అక్కడ విగ్రహాలు పెట్టడమూ, 1992లో కూల్చడమూ చట్టవిరుద్ధమేనని 2019 నవంబర్ 9 నాటి సుప్రీంకోర్టు తీర్పే చెప్పింది. స్థలం మాత్రం గుడికి ఇచ్చింది. 2020 సెప్టెంబర్ 30న లక్నో ప్రత్యేక కోర్టు 32 మంది నిందితులనీ నిర్దోషులంది. కూల్చడం నేరమే, కూల్చినవాడు మాత్రం లేడు. 'కట్టడం కూలింది' అని రాసిన వ్యాకరణం మొదటి రోజు నుంచీ చెబుతున్నది ఇదేగా.

ఉర్దూ పత్రికలు దాన్ని 'షహాదత్' అన్నాయి. మసీదు షహీద్ అయిందన్నాయి. ఆ మాటలో మా దుఃఖం ఉంది, కాదనం. కానీ అమరత్వం అనగానే కళ్లు ఆకాశం వైపు పోతాయి. నేరం అనాల్సిన చోట త్యాగం అంటే పౌరుడు అడగాల్సిన ప్రశ్న ప్రార్థనలో కలిసిపోతుంది. తెలుగు మాట నేరాన్ని దాస్తే, ఉర్దూ మాట దాన్ని దేవుడికి ఒప్పజెప్పింది. మాకు కావలసిన మాట ఆ రెండింటిలోనూ లేదు.

ఇక పోలీసు చర్య. 1948 సెప్టెంబర్ 13న హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది లాఠీలు పట్టిన పోలీసులు కారు, టాంకులతో వచ్చిన సైన్యం. పేరు మాత్రం 'పోలీస్ యాక్షన్'. ఇంట్లో దొంగలు పడితే ఠాణావాళ్లు వచ్చినట్టు. తర్వాత జరిగిన ఊచకోత మీద సుందర్‌లాల్ కమిటీ తిరిగి వచ్చి, తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా కట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ నష్టపోయాయంది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. రావలసిన అవసరమేముంది? 'పోలీసు చర్య' అన్న మాట ఆ శవాల మీద అంతకుముందే దుప్పటి కప్పేసింది.

సెప్టెంబర్ 17కి ఎన్ని పేర్లో చూడండి. ఒకరికి విమోచనం, ఒకరికి విలీనం, ఒకరికి విద్రోహం. మా పెద్దలకి 'సుకూత్-ఎ-హైదరాబాద్', అంటే హైదరాబాద్ పతనం. 2022లో కేంద్రం దాన్ని విమోచన దినమంటే రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినమంది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజా పాలన దినమంది. విమోచనం అనే మాట పలకగానే ఎవరి నుంచి అన్న ప్రశ్న దానంతటదే లేస్తుంది. నిజాం నుంచి అని పుస్తకం చెబుతుంది, ముస్లింల నుంచి అని వీధి వింటుంది. బైరాన్‌పల్లిలో రజాకార్లు చేసిన హత్యాకాండని మేం దాచిపెట్టం. దాన్ని దాచినవాడు మా వాడైనా మా శత్రువే. అయితే ఆ రజాకార్లు 1948 ఆగస్టులో చంపిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ముస్లిమే. విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కొట్లాడి ప్రాణమిచ్చిన బందగీ ముస్లిమే. సాయుధ పోరాటానికి పిలుపిచ్చిన మఖ్దూం ముస్లిమే. ఆ దేశ్‌ముఖ్ ముస్లిం కాదు. ఇవన్నీ ఇమడని ఇరుకు మాటని ఎందుకు ఎంచుకున్నారని మా ప్రశ్న.

మమ్మల్ని పిలిచే పేర్లకొద్దాం. 'సాహెబ్' అంటే ఉర్దూలో పెద్దవాడు, గౌరవనీయుడు. అది తెలుగు నోట్లో సాయిబు అయింది, కథల్లో 'సాయిబు గాడు' అయింది. సాయిబు అనగానే బండి తోలేవాడు, వచ్చీరాని తెలుగుతో నవ్వించేవాడు. మాటలో దొర ఉన్నాడు, వాడుకలో బంటు మిగిలాడు. 'తురక' అంటే టర్కీవాడు. ప్రకాశం జిల్లాలో పుట్టి, అక్కడి పొగాకు బ్యారన్ల దగ్గర కూలి చేసి, అక్కడే మట్టిలో కలిసేవాడు తురకవాడెలా అయ్యాడు? అతను మాట్లాడేది 'తురకం' ఎలా అయింది? పేరులోనే పరాయితనం పెట్టేశాక 'మీ దేశం పొండి' అనడానికి వేరే నినాదం అక్కర్లేదు.

అన్నిటికన్నా ఘోరం 'పింజారి'. దూది ఏకి పరుపులు కుట్టేవాడి వృత్తి పేరది. ప్రభుత్వ జాబితాలో దూదేకుల, లద్దాఫ్, నూర్‌బాష్‌లతో పాటు బీసీ-బి కింద ఉంది. అదే మాట తెలుగు సినిమాలో, వీధిలో, నవలలో తిట్టు. సర్టిఫికెట్‌లో రాయించుకున్న మాటనే తిట్టుగా వినాల్సి వచ్చే పిల్లవాడి సంగతి ఎన్నడైనా ఆలోచించారా, ఆ సంభాషణ రాసిన రచయిత గారూ?

ఈ చివరి లెక్కలో మా ఇంటి వాటా కూడా ఉంది. అష్రాఫులమని చెప్పుకునే మా సయ్యదులూ పఠాన్లూ దూదేకుల వాళ్లని 'తెలుగు ముసల్మాన్లు' అని పెదవి విరుస్తారు. శుద్ధమైన ఉర్దూ రానివాడికి దీన్ కూడా సరిగా రాదన్నట్టు మాట్లాడతారు. బయటివాడి తిట్టుని తప్పుబట్టే నోటికి లోపలివాడి చీదరింపుని తప్పుబట్టే బాధ్యత కూడా ఉంది.

భాషకి మా మాటలు కొత్త కాదు. రైతు, జిల్లా, దుకాణం, కాగితం, వకీలు, ఫిర్యాదు, దరఖాస్తు, జామీను, బాకీ, వసూలు. ఇవన్నీ అరబ్బీ పారసీల నుంచి వచ్చి తెలుగు అయినవే. 'హక్కు' అన్న మాటే అరబ్బీ. ఆ మాట లేకుండా ఏ ఉద్యమకారుడైనా ఉపన్యాసం చెప్పగలడా? అప్పట్లో మా మాటలు బజారు నుంచి, కచేరీ నుంచి, పొలం నుంచి తెలుగులోకి వచ్చాయి. ఇప్పుడు ఠాణా నుంచి వస్తున్నాయి. 'ఫత్వా' అంటే ధర్మసందేహానికి ముఫ్తీ చెప్పే అభిప్రాయం. తెలుగు పత్రికల్లో ఏ నియంత హుకుం ఇచ్చినా అది 'ఫత్వా జారీ'. 'మదరసా' అంటే బడి. 'మర్కజ్' అంటే కేంద్రం, అంతే. 2020 వసంతంలో ఆ మాట రోగం పేరు అయిపోయింది. 'మర్కజ్ కేసులు' అని రోజూ లెక్కలు వేశారు. కూరగాయల బండి తోసుకొచ్చిన మావాణ్ణి పేరు అడిగి వెనక్కి పంపిన వీధులున్నాయి. అదే ఏడాది ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్లని బలిపశువులని చేసినట్టుందని వ్యాఖ్యానించింది. మొదటి పేజీలో మర్కజ్ కేసులు లెక్కపెట్టిన పత్రికలు ఈ తీర్పుకి ఎంత చోటిచ్చాయో పాత సంచికలు తిరగేసి చూసుకోవచ్చు.

కథలో 'అమ్మీ' అని రాస్తే, పక్కన 'తల్లి' అని అర్థం రాయమంటారు. 'జనని'కి ఎవరూ అర్థం అడగరు. సంస్కృతం తెలుగులో ఇంటి మనిషి, ఉర్దూ అతిథి. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చాక, 1998లో 'జల్‌జలా' వచ్చాక మా గొంతు మేమే వినిపించడం మొదలుపెట్టాం. అర్థాలు రాయడానికి కాదు మేం రాస్తున్నది.

లౌకికవాద మిత్రులతో ఒక చిన్న మాట. నిజంగానే చిన్నది. 'అయినా'. 'ముస్లిం అయినా తెలుగు ఎంత బాగా రాస్తాడో.' 'ముస్లిం అయినా దేశభక్తుడు.' మెచ్చుకుంటూనే మా జాతి మొత్తాన్నీ బోనులో నిలబెట్టి, ఒక్కణ్ణి జామీను మీద విడిచిపెట్టే మాట అది. 'ముస్లిం సోదరులు' కూడా అలాంటిదే. రెడ్డి సోదరులు, బ్రాహ్మణ సోదరులు అని వార్త రాయరు. సోదరత్వం పదే పదే చెప్పాల్సి వస్తున్నదంటే ఎక్కడో అనుమానం ఉన్నట్టే.

మేం మీ నుంచి తీపి మాటలు అడగడం లేదు. నిషేధాల జాబితా కూడా ఇవ్వడం లేదు. ఒకటే కొలత అడుగుతున్నాం. చంపితే చంపారని రాయండి, చంపింది మావాడైనా సరే. మసీదుని మసీదు అనండి, గుడిని గుడి అన్నట్టే. నేరస్థుడి మతం రాయదలిస్తే అందరిదీ రాయండి, లేదంటే ఎవరిదీ రాయకండి. తీర్పు వచ్చేదాకా నిందితుణ్ణి నిందితుడిగానే ఉంచండి. తీర్పు వచ్చినరోజు, అరెస్టు వార్త వేసిన పేజీలోనే, అంత అక్షరాల్లోనే అచ్చు వేయండి. ఇదేమీ దయ కాదు. మీరూ మేమూ రోజూ వాడే ఆ అరబ్బీ మాటే, హక్కు.