రెండవమారు వచ్చిన వీరాంగన

బొమ్మ చూచి ఇంటికి వచ్చిన పిమ్మట వంటయింట జరుగు విమర్శ, పత్రికలలో అచ్చుపడు విమర్శకన్న నిశితముగా నుండుట మేము పెక్కుమారులు గమనించితిమి. ‘వండర్ వుమన్ 1984’ అను అమెరికా చలనచిత్రము విషయమున ఈ మాట మరింత నిజమైనది. 2020 సంవత్సరము డిసెంబరు నెలలో వెలువడిన యీ చిత్రమును గూర్చి ప్రేక్షకులు రెండు పక్షములై వాదించుకొనిరి. ఆ వాదములో లేచిన ప్రశ్న యొకటి గృహిణులమైన మనకు మిక్కిలి ముఖ్యమని తోచి, ఈ నెల ప్రసంగమునకు దానినే విషయముగా గైకొంటిమి.

కథ యెఱుగని సోదరీమణుల కొఱకు రెండు మాటలు. పురుషులు లేని దీవిలో పెరిగిన రాచకన్య డయానా. విలియం మార్స్టన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1941లో ఆమెను బొమ్మల కథలలో సృష్టించెను. 2017లో పాటీ జెంకిన్స్ అను స్త్రీయే దర్శకత్వము వహించి ఆమె కథను వెండితెర కెక్కించెను. గాల్ గడోట్ అను నటి ఆ పాత్రను ధరించెను. మొదటి ప్రపంచ యుద్ధమున, ఇరు సైన్యముల కందకముల నడుమనున్న నేలను దాటుట ఎవరికిని సాధ్యము కాదని సైనికులందఱు చెప్పుచుండగా, డయానా డాలు చేతబూని నిచ్చెన యెక్కి ఒంటరిగా ముందునకు నడచును. ఆ ఘట్టమున తమకు తెలియకయే కన్నీరు వచ్చెనని ఎందరో స్త్రీలు వ్రాసికొనిరి. ఆ చిత్రము లోకమంతట 82 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసెను. కథాంతమున ఆమె ప్రియుడు స్టీవ్ అను వైమానికుడు లోకము కొఱకు ప్రాణము విడుచును.

రెండవ భాగమున కాలము 1984, స్థలము వాషింగ్టను. డయానా వస్తుప్రదర్శనశాలలో ఉద్యోగము చేయుచు ఒంటరిగా జీవించుచుండును. అచటికి కోరిన కోరిక తీర్చు రాయి యొకటి వచ్చును. అది కోరిక నిచ్చి మారుగా కోరినవారికి మిక్కిలి విలువైనదానిని తీసికొనును. మనకు వరముల కథలు కొత్త కావు గదా. భస్మాసురుని చేయి ఎవరి నెత్తిపైకి వచ్చెనో ఉగ్గుపాలతో విన్నవారమే. డయానా ఆ రాతి మహిమ నెఱుగక, చనిపోయిన స్టీవును మనసులో తలచుకొనును. అతడు తిరిగి వచ్చును; ఆమె బలము క్రమక్రమముగ క్షీణించును.

ఈ చిత్రము వెలువడిన వేళ మంచిది కాదు. 2020 వేసవిలో రావలసినది కోవిడు వ్యాధి వలన పలుమారులు వాయిదా పడి, తుదకు అమెరికాలో క్రిస్మసునాడు, సినిమాశాలలలోను ఇండ్లలోని తెరలపైనను ఒకే దినమున విడుదలయ్యెను. మన దేశమున ఒకదినము ముందుగనే, తెలుగు మాటలతో గూడ వచ్చెను. సినిమాశాలలు సగము మూతపడియున్నందున లోకమంతట కలిపి వచ్చినది 17 కోట్ల డాలర్లు మాత్రమే. అందుచేత వసూలును బట్టి ప్రజాభిప్రాయము నెంచుట న్యాయము కాదు. సినిమాస్కోరు అను సంస్థవారు విడుదలనాడు హాలునుండి వెలుపలికి వచ్చు ప్రేక్షకులనే అడిగి మార్కులు వేయుదురు. వారి లెక్కలో మొదటి భాగమునకు ‘ఎ’ రాగా, రెండవదానికి ‘బి ప్లస్’ వచ్చెను. విమర్శకులు మొదట బాగుగ మెచ్చుకొనిరి. కొలది వారములలోనే మెచ్చినవారి పాలు పదింట ఆరుకు జారెను.

నిడివి రెండున్నర గంటలని కొందఱు విసిగిరి. కైరో నగరపు ఘట్టమున అరబ్బు ప్రజలను చూపిన తీరు హేళనగా నున్నదని కొందఱు నొచ్చుకొనిరి. ఆ నొప్పి న్యాయమైనదే. బార్బరా అను పిరికి స్త్రీ డయానా వలె నగుటకు కోరి బలము సంపాదించి, తన్ను వీథిలో వేధించిన త్రాగుబోతును చావగొట్టును. బలము వచ్చినంతనే ఆడుది దుష్టురాలు కావలయునా యని మరికొందఱు సోదరీమణు లడిగిరి. రాయి ఆమె దయను తీసికొన్నదని చిత్రము చెప్పుచున్నది గాని, ఆ త్రాగుబోతు విషయమున మాకును ఆమెపై కోపము రాలేదని ఒప్పుకొనుచున్నాము.

అసలు ప్రశ్న వేఱు. స్టీవు తన దేహముతో రాలేదు. వాషింగ్టనులో నివసించుచున్న ఒక యువకుని దేహమున ప్రవేశించెను. ఆ యువకునికి ఇల్లున్నది, బట్టలున్నవి, బ్రదుకున్నది. డయానా అతని యింటనే రాత్రి గడుపును. అతని దేహమును కైరోకు గొనిపోయి తుపాకిగుండ్ల నడుమ నిలుపును. అతని సమ్మతి యేమని యొక్కరును, ఒక్కసారియైనను అడుగరు. అతనికి పేరు సైతము లేదు; నటుల పట్టికలో ‘అందగాడు’ అని మాత్రమే వ్రాసిరి. ఆ దేహము స్త్రీదియై, వచ్చినవాడు పురుషుడై యుండినచో మనము సహింతుమా యని ప్రేక్షకులు నిలదీసిరి.

మేము ఈ చిత్రమును ఇంటిల్లిపాదితో కలిసి చూచితిమి. పిన్నలు విమానమును చూచి కేకలు వేయుచుండగా మా పెద్దమ్మగారు కళ్లజోడు సవరించుకొని, “ఏమే అమ్మాయీ, ఆ పిల్లవాణ్ణి ఎవరైనా అడిగారటే?” అనిరి. పరకాయప్రవేశము కథ ఆమెకు తెలియనిది కాదు. శంకరాచార్యులవారు అమరుక మహారాజు దేహమున ప్రవేశించినది ఆ రాజు మృతుడైన పిమ్మట. తమ దేహమును శిష్యుల కాపుదలలో నుంచిరి. అచ్చట మంత్రులకైనను అనుమానము కలిగెను. ఇచ్చట అనుమానించు ఇరుగుపొరుగైనను లేరు!

చిత్రమును సమర్థించువారు, ఇది పసిపిల్లల కథవంటిది, ఇంత తర్కమేల యందురు. ఒకరి దేహమున నొకరు చేరుట 1980 దశాబ్దపు అమెరికా హాస్యచిత్రములలో పరిపాటియని వారి వాదము. మరికొందఱు స్త్రీలు చెప్పిన సమాధానము మాకు ఎక్కువ హృద్యముగా నున్నది. అఱువదియారేండ్లు ఒంటరిగా నున్న స్త్రీకి పోయినవాడు తిరిగి వచ్చిన మూడు దినములను లెక్కగట్టి చూడకుడని వారి ప్రార్థన. చివరకు లోకక్షేమము కొఱకు ఆమె అతనిని రెండవమారు వదలుకొనును. స్తంభము చాటున అతనిని నిలిపి, వెనుదిరిగి చూడక పరుగెత్తును. వైధవ్యము నెఱిగిన స్త్రీలు ఆ ఘట్టమును తేలికగా చూడజాలరు. మేమును చూడలేకపోతిమి. పిదప ఆమె ప్రతినాయకుని గొట్టి గెలువక, లోకమందలి ప్రజలందఱిని తమ తమ కోరికలు విడువుడని వేడుకొని గెలుచుటయు మాకు నచ్చినది. యుద్ధమే గాని మాట లేని వీరచిత్రములలో ఇది అరుదు.

అయినను పెద్దమ్మగారి ప్రశ్నకు మావద్ద జవాబు లేదు. చిత్రారంభమున బాలిక డయానా పందెములో అడ్డదారి త్రొక్కి ముందునకు పోగా, ఆమె గురువు ఆంటియోపి పట్టి నిలిపి, అది గెలుపు కాదని చెప్పును. ఎంత చక్కని ఘట్టము! కథ వ్రాసినవారు స్టీవును తెచ్చుటకు త్రొక్కినది అటువంటి అడ్డదారియే. రాతితోనే రప్పించిన వానికి రాతితోనే దేహమును ఇప్పించుట వారికి కష్టమా? కనీసము, తాను చేసినది తెలిసిన పిమ్మట డయానా నోట “ఇతని గతి యేమి?” అను నొక్క మాట పలికించినచో చాలియుండెడిది. కథ ముగింపున మంచు కురియుచుండగా ఆ యువకుడు ఆమెకు ఎదురుపడును. ఆమె చిరునవ్వుతో పలుకరించి, అతని దుస్తులు మెచ్చుకొని సాగిపోవును. క్షమాపణ లేదు. మొదటి భాగమున కందకము దాటిన డయానాను ఎఱిగినవారికి ఆ చిరునవ్వు చేదుగా తోచుట వింత గాదు.

దీని తరువాతి మూడవ భాగమును తీయు యోచన 2022 డిసెంబరులో విరమించిరి గనుక, ఆ ప్రశ్నకు సమాధానము ఇక ఈ దర్శకురాలి చేతిమీదుగ రాకపోవచ్చును.

పిల్లలకు చూపవచ్చునా యని తల్లు లడుగుదురు. పదమూడేండ్లు దాటినవారికి బాధ లేదు. అంతకన్న చిన్నవారు బార్బరా చిరుతపులియగు ఘట్టమున దడిసికొందురు. ఆరంభపు పందెము మాత్రము ఆడపిల్లలకు తప్పక చూపుడు. చివర నామావళి నడుమ లిండా కార్టర్ ఒక నిమిషము కనబడును. 1975 మొదలు 1979 వఱకు టెలివిజనులో ఈ పాత్రనే ధరించిన నటి ఆమె. తొందరపడి తెర ఆర్పివేయకుడు.