తలుపు మీద రాసున్న లెక్క

మా ఫుప్పీ కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. పోయిన నెల వీడియో కాల్ చేసి, తన పికప్ ట్రక్కు మీదికి కొనబోతున్న క్యాంపర్‌ని చూపించాడు. మన దగ్గర పెద్దగా కనపడని వస్తువు కాబట్టి రెండు మాటలు చెప్పాలి. నాలుగు జాకీల మీద నిలబెట్టిన చిన్న ఇల్లు అది. ట్రక్కును వెనక్కి నడిపి దాని కిందికి పోనిచ్చి, ఇంటిని తొట్టిలోకి దించుకుంటారు. లోపల పరుపు, పొయ్యి, సింకు, కొన్నిట్లో గుసల్‌ఖానా కూడా. సఫర్‌లో హోటళ్లు వెతికే పని లేదు, హలాల్ ఎక్కడ దొరుకుతుందని ఫికర్ లేదు. వాడి షౌక్ నాకు అర్థమైంది.

"సెకండ్ హ్యాండ్ భాయ్‌జాన్, సస్తాగా వస్తోంది. వెనక కొంచెం కుంగుతదంట. ఎయిర్ బ్యాగులు వేయిస్తే లెవల్ అయిపోతది, కిస్సా ఖతం" అన్నాడు.

నా పక్కన మా చిచా ఉన్నారు. నలభై ఏళ్లు లారీలకు కమాన్ కట్టలు కట్టిన చేతులు ఆయనవి. ఫోన్‌లోకి వంగి చూసి, "కమాన్‌కు బలమిస్తవ్ బేటా, సరే. బ్రేకులకు ఎవరిస్తరు?" అన్నారు. వాడు నవ్వేసి పిల్లల చదువుల సంగతి ఎత్తుకున్నాడు. ఆ సవాల్ మాత్రం నన్ను వదల్లేదు. (సవాల్ అంటే మనిళ్లల్లో ప్రశ్నే కదా. డిగ్రీలో తెలుగు సార్‌కు ఇది చెప్పలేక అవస్థ పడ్డాను.)

సస్పెన్షన్ పని దండగ అని నేననను. క్యాంపర్ ఎక్కాక ట్రక్కు వెనక కుంగితే ముందు చక్రాలు తేలికవుతాయి, స్టీరింగ్ పట్టు తప్పుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లల్లో పడతాయి. కాబట్టి ఎత్తు సరిచేయాల్సిందే. దానికి దారులు చాలా ఉన్నాయి. కమాన్ కట్టలో అడుగున ఉండే మందపాటి పట్టీ, బోఝా బాగా పడ్డాకే పనిలోకి దిగుతుంది. మధ్య సందులో దిమ్మె బిగిస్తే అది ముందే అందుకుంటుంది. అదనపు పట్టీ ఎక్కించడం మన మిస్త్రీలకు తెలిసిన విద్యే. ఎయిర్ బ్యాగులైతే గాలి పెంచీ తగ్గించీ ఎత్తు మార్చుకోవచ్చు. కానీ రెండిటికీ ఒకే గొట్టం వేస్తే మలుపులో గాలి ఇటు నుంచి అటు పారి ట్రక్కు ఇంకా ఒరుగుతుంది, దేని గొట్టం దానికే ఉండాలి. క్యాంపర్ ఎత్తుగా ఉంటుంది కాబట్టి పక్కగాలికి ఊగుతుంది. ఆ ఊగుడు ఆపేవి బ్యాగులు కాదు, యాంటీ స్వే బార్, గట్టి షాకబ్జర్లు.

ఇవన్నీ వేయించినా ట్రక్కు మోసే హద్దు ఒక్క కిలో కూడా పెరగదు. అమెరికాలో అమ్మే ఇలాంటి పికప్‌లకు డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించొద్దని కిలోల్లో, పౌండ్లలో రాసి ఉంటుంది. కమాన్ ఒక్కటే చూసి వేసిన లెక్క కాదది. ఇరుసు, బేరింగులు, చక్రాలు, టైర్లు, బ్రేకులు, ఛాసిస్ అన్నీ చూసి వేసింది. పైగా బ్యాగులు బోఝానంతా ఛాసిస్ మీద ఒకే చోట నొక్కుతాయి. వెనక బరువు వేలాడుతుంటే అక్కడే ఛాసిస్ వంగిన బళ్లున్నాయి.

స్టిక్కర్ ఫోటో పంపమన్నాను. 750 కిలోలు. క్యాంపర్ ఖాళీ బరువు 860 అని దాని కాగితంలోనే ఉంది! హిసాబ్ అక్కడే తేలిపోయింది, అయినా వాడి కోసం పూర్తిగా వేశాను. నీళ్లు 110 లీటర్లు, అంటే 110 కిలోలు. రెండు గ్యాస్ సిలిండర్లు, బ్యాటరీ కలిపి 60. గిన్నెలు, దుప్పట్లు, రాషన్ 100. వాడు, మరదలు, ఇద్దరు పిల్లలు 205. మొత్తం 1,335. దాదాపు 600 కిలోలు ఎక్కువ. ఆ ఎక్కువ బరువు మీద కూర్చునేది వాడి పిల్లలే.

"ఇక్కడ చాలామంది ఇట్లనే తిరుగుతున్నరు. కుచ్ నై హోతా" అన్నాడు. ఈ మాట నాకు కొత్త కాదు. 1.7 టన్నుల బొలెరో పికప్‌కు పట్టీలు ఎక్కించి మూడు టన్నులు పోసేవాళ్లు మన దగ్గరా అంటారు, బండి కుంగలేదు కదా అని. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడ్‌కు 20,000 రూపాయల జుర్మానా, ఆపైన టన్నుకు 2,000. అయినా కుంగకపోవడమే వాళ్లకు సర్టిఫికెట్. నిజానికి కుంగడం బండి చెప్పే షికాయత్. పట్టీ ఎక్కించి దాని నోరు మూస్తున్నాం. దిగుడులో బ్రేకులు వేడెక్కినప్పుడు కమాన్ వచ్చి ఆపదు.

వాడి ముందు రెండు దారులే ఉన్నాయని నా రాయ్. వన్ టన్ తరగతి ట్రక్కు కొనుక్కోవాలి. వెనక నాలుగు టైర్లుండే వాటిలో 2,000 కిలోలు దాటి మోసేవి ఉన్నాయి. లేదా 500 కిలోల అటూ ఇటూ ఉండే, పైకప్పు లేపుకునే చిన్న క్యాంపర్ చూసుకోవాలి. అప్పుడు కూడా నీళ్లు, సామాను తగ్గించుకోవాలి, దాని బరువు కేంద్రం వెనక ఇరుసుకు ముందే పడేట్టు చూసుకోవాలి. అప్పుడు బ్యాగులు వేయించుకుంటే నాకేం ఎతరాజ్ లేదు.

500 డాలర్లు బయానా ఇచ్చేశాడట, అమ్మేవాడు తిరిగివ్వనంటున్నాడట. పోతే పోనీ అన్నాను. మరదలూ అదే అంటోంది. వాడింకా అలిగే ఉన్నాడు. కానీ ఆదివారం ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని, ట్యాంకు నింపుకుని, హైవే పక్క ట్రక్ స్టాప్‌లో కాటా వేయిస్తానన్నాడు. ముందు ఇరుసు, వెనక ఇరుసు బరువులు వేరువేరుగా రాసిస్తారక్కడ. ఆ చీటీ ఫోటో ఎప్పుడొస్తుందని చిచా రెండుసార్లు అడిగారు.