పంచభూతాలు స్వీకరించని ద్రవ్యం

పూజాంతంలో ఉద్వాసన చెప్పడం సంప్రదాయం. ఆవాహన చేసిన దేవతను స్వస్థానానికి సాగనంపిన పిమ్మట, అర్చనకు వినియోగించిన పత్రం, పుష్పం, మృత్తిక సైతం తాము జనించిన భూతాలలోనే లీనమవుతాయి. ఆ లయం వల్లనే విసర్జన సార్థకమవుతుంది. లయం కాని వస్తువును నీటిలో విడిచినప్పుడు అది విసర్జన అవుతుందా?

కార్తికం ముగిసిన మరునాడు, పోలి పాడ్యమి తెల్లవారుజామున, తెనాలి కాలువ గట్లపై ఈ ప్రశ్న కళ్ళెదుట నిలుస్తుంది. అరటి దొప్పలలో వెలిగే దీపాల నడుమ థర్మోకోల్ పళ్ళెంలోని దీపమూ సాగిపోతుంది. పసుపు కుంకుమల పొట్లాలు, నూనె ప్యాకెట్లు, అగరుబత్తుల కవర్లు రేవు మెట్లపై మిగులుతాయి. అరటి దొప్ప కొన్నాళ్ళకు కుళ్ళి మట్టిలో కలుస్తుంది. థర్మోకోల్ పొడిగా విరిగినా నశించదు.

ప్రకాశం బ్యారేజీ నుండి తెనాలికి చేరే కృష్ణాజలం పొలాలను తడిపి, మురుగు కాలువల గుండా రేపల్లె దిగువన, మడ అడవులున్న తీరంలో, సముద్రాన్ని చేరుతుంది. నీటితో పాటు చెత్తదీ అదే మార్గం. బాపట్ల సమీపాన సూర్యలంకలో కార్తిక పౌర్ణమికి వేలాది భక్తులు సముద్రస్నానం చేస్తారు. శీతకాలం గడిచేలోగా ఆ తీరపు ఇసుకలోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెడతాయి. నీటిలో తేలే సంచిని జెల్లీ చేపగా భ్రమించి సముద్రపు తాబేళ్ళు మింగడం శాస్త్రజ్ఞులు గుర్తించిన విషయమే. కూర్మావతారుని కొలిచే చేతులే కూర్మానికి మృత్యువును అందించడం ఎంతటి వైపరీత్యం!

భగవంతుడు భావాన్నే చూస్తాడు, ద్రవ్యాన్ని కాదని కొందరంటారు. భావపురిగా ప్రసిద్ధమైన బాపట్లలో వెలసిన భావనారాయణుని సన్నిధిలో ఆ మాట మరింత సముచితంగా తోస్తుంది. అయితే సర్వభూతాలలో ఈశ్వరుని దర్శించే భావం కాలువ గట్టుతో ఆగిపోదు. దిగువనున్న జీవిని విస్మరించిన భక్తి అసంపూర్ణమే.

చౌకగా దొరికేది అదేనన్న సమాధానమూ వినవస్తుంది. దానికి ఆనాటి వ్రతకథలోని పోలియే ప్రత్యుత్తరం. అత్త పూజాద్రవ్యాలేవీ దక్కనీయకపోతే, ఆ చిన్నకోడలు చెట్టు కింద రాలిన పత్తితో వత్తి చేసి, కవ్వానికి అంటిన వెన్నతో దీపం వెలిగించింది. ఆమె ఏదీ కొనలేదు. ఆ దీపమే ఆమెను స్వర్గానికి చేర్చిందని కథ.

ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ పళ్ళాలు, గ్లాసులు, చెంచాలు, అలంకరణ థర్మోకోల్ 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషిద్ధాలు. చట్టం అంగడిని కొంతవరకు అదుపు చేయగలదు. రేవులో నియమం పాటించవలసినది భక్తుడే. ఇంటి నుండి గిన్నెలో నూనె, గుడ్డసంచిలో పూలు, నీట విడవడానికి అరటి దొప్ప, వనభోజనంలో విస్తరాకు: వ్రతసంకల్పంలో ఈ నాలుగూ చేరితే చాలు. దీపాలు ఆరిన మరునాడు కాలువపై ఏమీ మిగలనప్పుడే ఆ పూజకు ఉద్వాసన పూర్తయినట్లు.